చేపల వేట నిషేధం రోజుల్లో తీరం కాపలా మత్స్యకార పల్లెవాళ్లకి అప్పగించండి

సంపాదకులు గారికి నమస్కారం.

శని, ఆదివారాలు వస్తే చాలు, విశాఖ కుర్రాళ్లు బండ్లు తీసి యారాడకో భీమిలికో పోతున్నారు, చలికాలమైతే అర్ధరాత్రి బయల్దేరి తెల్లారేసరికి మేఘాలు చూడాలని పాడేరు మీదుగా వంజంగి కొండ ఎక్కుతున్నారు. నేనూ స్నేహితులతో అలా తిరిగేవాడినే. ఫోన్ పక్కన పెట్టి కొండా సముద్రమూ చూద్దామనుకునే ఈ అలవాటు ఇంకా పెరగాలనే నేను కోరుకుంటాను. నా బాధంతా సోమవారం పేపర్లో వచ్చే ఆ చిన్న వార్త గురించి. ఊరు మారుతుంది, కాలేజీ మారుతుంది, మిగతాదంతా అదే: స్నానానికి దిగి గల్లంతు.

2022 జులైలో పూడిమడక తీరంలో ఇంజినీరింగ్ పిల్లలు కొట్టుకుపోయారు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో మెడిసిన్ చదివే పిల్లలు, ఎగువన కురిసిన వానకి నీరు ఒక్కసారిగా ముంచుకురావడంతో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇలాంటి వార్త చదవగానే మనం అనే మొదటి మాట, కుర్రతనం, చెబితే వినరు అని. కానీ ఆ నీటి దగ్గర వాళ్లకి చెప్పిన మనిషి ఎవరు?

మన తీరంలో ప్రాణాలు తీసేది ఎక్కువగా పెద్ద కెరటం కాదు, లోపలికి లాగే నీరు. కెరటాలు ఒడ్డుకి తోసిన నీరంతా తిరిగి వెళ్లాలి కదా, అది నీటి అడుగున ఉన్న ఇసుక మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి వేగంగా లోపలికి పోతుంది. ఆ సందులో లోతు ఎక్కువ, కెరటం విరగదు, నురగ ఉండదు, అందుకే చూసేవాళ్లకి చుట్టుపక్కల కన్నా అక్కడే సముద్రం నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు, పిల్లల్ని వెంట తెచ్చుకున్నవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. నీరు లాగడం మొదలవగానే కంగారుపడి ఒడ్డు వైపే ఎదురీదుతారు, ఈత బాగా వచ్చినవాడు కూడా అలా కాసేపట్లోనే అలిసిపోతాడు. ఎదురీదకుండా నీటి మీద తేలుతూ, చెయ్యి ఎత్తి కేకవేసి, వీలైతే ఒడ్డు పొడవునా పక్కకి ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడొచ్చు, అక్కడి నుంచి కెరటాలే ఒడ్డు వైపు తోస్తాయి. ఒకడు మునిగిపోతుంటే ఒట్టి చేతులతో నలుగురు దూకడం కూడా వద్దు, ముందు తాడో, గాలి నింపిన ట్యూబో, ఖాళీ డబ్బానో విసరాలి. ఇంత చిన్న విషయం మన స్కూళ్లలో ఎక్కడా చెప్పరు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన పిల్లలకి కూడా!

ఇంకో సంగతి, ఆ సందు ఎప్పుడూ ఒకచోట ఉండదు. తుపాను వచ్చి వెళ్లాక ఇసుక కదిలిపోతుంది, నిన్నటి మంచి చోటు ఇవాళ ప్రమాదం. దూరంగా ఉన్న అల్పపీడనం వల్ల ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా కెరటాలు పోటెత్తుతాయి. అందుకే ఎప్పుడో పాతిన, అక్షరాలు చెరిగిపోయిన హెచ్చరిక బోర్డు ఒక్కటే చాలదు. ఆ రోజు పొద్దున్న నీటిని చూసి, ఇవాళ ఇక్కడ దిగొద్దు అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఎక్కడో లేడు, ప్రతి తీరం పక్కనా ఉన్న మత్స్యకార పల్లెలోనే ఉన్నాడు. ఎవరైనా కొట్టుకుపోతే పోలీసులు పడవ కోసం వెళ్లేది కూడా ఆ పల్లెకే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకీ మోటారు పడవలకీ వేట నిషేధం. దాదాపు అవే స్కూళ్లకి వేసవి సెలవులు, బీచ్‌లు కిటకిటలాడే రోజులు. సముద్రం గురించి అందరికన్నా బాగా తెలిసినవాళ్లు పనిలేక ఒడ్డున ఉంటారు, ఏమీ తెలియనివాళ్లు వేలల్లో నీళ్లలోకి దిగుతుంటారు. ఈ రెండూ కలపడానికి పెద్ద ప్రాజెక్టు ఏమీ అక్కర్లేదు. నిషేధం రోజులకి ప్రభుత్వం మత్స్యకారులకిచ్చే భృతి అలాగే ఉంచి, దానికి అదనంగా రోజుకూలీ ఇచ్చి, ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చి, ఈల, జెండా, తాడు, లైఫ్ జాకెట్లు చేతికివ్వండి. మిగతా ఏడాదంతా శని, ఆదివారాలు, కార్తీక స్నానాల రోజులు ఇదే పద్ధతి కొనసాగించండి.

రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు ఉండాలంటే లైఫ్‌గార్డులో ప్రాణాలు కాపాడే సామగ్రో ఉండాలి, ప్రథమ చికిత్స ఏర్పాట్లూ ఉండాలి. మంచిదే, కానీ జెండా ఉన్నంత మేరే జనం దిగరు కదా. జనం తక్కువగా ఉంటుందని, ఫొటోలు బాగొస్తాయని కుర్రాళ్లు వెతుక్కుంటూ వెళ్లేది యారాడ రాళ్ల దగ్గరికి, ముత్యాలమ్మపాలెం, రేవుపోలవరం లాంటి చోట్లకి. సాయం వెంటనే దొరకనిది అక్కడే.

కొండల సంగతీ ఇంతే. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ బండ మీద నాచు పడుతుందో ఆ ఊరి గిరిజన యువకులకి తెలుసు. చీకట్లో వంజంగి ఎక్కేవాళ్ల వెంట వాళ్లని గైడ్లుగా పంపాలి, పార్కింగ్ డబ్బులోంచే జీతాలివ్వాలి. కొండ మీద పోగుపడే ప్లాస్టిక్ కూడా అప్పుడు కాస్త అదుపులోకొస్తుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక భీమిలి ఒక జిల్లా, పూడిమడక ఇంకో జిల్లా, వంజంగి మూడో జిల్లా అయ్యాయి. తిరిగేవాడికి ఇదంతా ఒకే చుట్టు, బాధ్యత మాత్రం ముక్కలైంది. ముగ్గురు కలెక్టర్లూ కూర్చుని ఒకే పద్ధతి, ఒకే అత్యవసర నంబరు పెట్టాలని కోరుతున్నాను. ప్రమాదం జరగ్గానే తీరాన్ని నాలుగు రోజులు మూసేసి తాళ్లు కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, జనం పక్క తీరానికి పోతారు, అది ఇంకా ప్రమాదం.

మీ పత్రికకి కూడా ఒక మనవి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం ఎలా ఉండబోతోందో ముందే చెబుతుంది, ఎత్తైన కెరటాలు వచ్చే సూచన ఉంటే హెచ్చరిస్తుంది. అది మత్స్యకారులకి అందుతోంది గానీ బీచ్‌కి పోయే కుటుంబాలకి చేరడం లేదు. ప్రతి శనివారం జిల్లా పేజీలో, ఎండ, వాన వివరాల పక్కనే, ఆ రెండు రోజులూ సముద్రంలో దిగొచ్చో లేదో రెండు లైన్లలో పెద్ద అక్షరాలతో వేయండి. వచ్చే శనివారం నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం