టీకా రోజు ఇంకో పది నిమిషాలు

సంపాదకులకు,

పసిబిడ్డను టీకాకు తీసుకెళ్తే బరువు తూస్తారు, సూది వేస్తారు, జ్వరమొస్తే ఏం చేయాలో చెప్పి పంపేస్తారు. బిడ్డతో ఎలా మాట్లాడుతున్నారని అడిగేవాళ్లు తక్కువ. చాలా దేశాల్లో ఆరు, పది, పద్నాలుగు వారాలకు బిడ్డను ఎలాగూ తీసుకురావాల్సిందే. అప్పుడే మరో పది నిమిషాలు దీనికి కేటాయించాలని మా మనవి.

నేర్పాల్సింది పెద్ద విద్యేం కాదు. అప్పుడే పుట్టిన బిడ్డకు 20-30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. పాలిచ్చేటప్పుడు అమ్మ ముఖం ఉండేదీ ఆ దూరంలోనే. కడుపు నిండి, హుషారుగా ఉన్నప్పుడు అంత దగ్గరగా పట్టుకోవాలి. బిడ్డ ‘ఊఁ’ అంటే మనమూ ‘ఊఁ’ అనాలి. అన్నాక ఆగాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బదులివ్వడానికి పసివాళ్లకు కొన్ని సెకన్లు పడుతుంది, మనసులో అయిదు లెక్కపెట్టుకుంటే సరి. అంతసేపు ఆగలేక మనమే గలగలా మాట్లాడేస్తాం, బిడ్డ వంతు రానే రాదు. ముఖం పక్కకు తిప్పుకుంటే ‘ఇక చాలు’ అని. అప్పుడు గిలక్కాయ ఇంకా గట్టిగా ఆడిస్తే ఏడుపే మిగులుతుంది. ఊరుకుంటే కాసేపటికి తనే ఇటు తిరుగుతుంది.

1970లలో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగంలో తల్లులు బిడ్డను ఆడించి, ఉన్నట్టుండి కొద్ది నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా చూస్తూ కూర్చున్నారు. పిల్లలు నవ్వి చూశారు, చేతులు చాచారు, చివరకు ముఖం తిప్పేసుకున్నారు. ఫోన్‌లో మునిగిన ముఖం పసివాళ్లకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అప్పుడప్పుడూ తప్పదు, మళ్లీ పలకరిస్తే తేరుకుంటారు. రోజంతా అదే తంతైతేనే చిక్కు.

ఇక మాటలొస్తాయని బిడ్డకే ఫోన్ చూపించడం. 2003లో, పసివాళ్లకు భాష ఎలా అబ్బుతుందో పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు 12 విడతలు మాండరిన్ (చైనా భాష) వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనుల తేడా పట్టుకున్నారు. తెర మీద చూసిన పిల్లలకు ఏమీ ఒంటబట్టలేదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇంకా పాకని పిల్లల్ని, మెలకువగా ఉన్నప్పుడు, రోజు మొత్తమ్మీద అరగంటైనా బోర్లా పడుకోబెట్టమనీ చెప్పింది. మొదట్లో ఒకట్రెండు నిమిషాలకే గోల చేస్తారు. అక్కడితో ఆపి మళ్లీ ఇంకోసారి. పక్కన పెద్దలు ఉండాలి, నిద్రలో మాత్రం వెల్లకిలే.

చప్పుడుకు ఉలిక్కిపడుతోంది కదా అని వినికిడి పరీక్ష మానకూడదు. పుట్టిన నెలలోపు పరీక్ష, లోపముంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం అందాలి.

టీకా కార్డులో వినికిడికి ఒక గడి, ‘మాట్లాడించడం నేర్పాం’ అని మరో గడి పెట్టాలి. గోడకు పోస్టర్ అంటించి టిక్కు పెట్టేస్తే లాభం లేదు. నర్సు చేసి చూపించాలి, తర్వాత అమ్మ గానీ నాన్న గానీ ఆమె ఎదుటే ఒకసారి చేయాలి.

- శిశు వికాస రంగంలో పనిచేస్తున్న పాఠకులు