ఆ గుంటలు లైనర్‌కు కాదు, రింగుకు వేయండి

సంపాదకులకు నమస్కారం.

లేజర్‌తో లోహం మీద కంటికి కనిపించని గుంటలు వేయడం గురించి మీ సైన్సు పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు లోహాన్ని నల్లగా మార్చిన సంగతి, నీటి చుక్క నిలవకుండా చేసిన సంగతి బాగానే రాశారు. కానీ ‘ఇంజిన్ లోపల ఎంత నున్నగా ఉంటే అంత మంచిది’ అన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ.

నాది విజయవాడ ఆటోనగర్‌లో రీబోరింగ్ షెడ్డు, అంటే అరిగిన ఇంజిన్ సిలిండర్ల లోపలి గోడను కోసి సరిచేసే చోటు. బోరు, అంటే పిస్టన్ ఆడే ఆ సిలిండర్ లోపలి భాగం, అద్దంలా మెరుస్తోందంటే మాకు టెన్షన్. ఆయిల్ తాగుతోంది, నీలం పొగ వదులుతోంది అని వచ్చిన లారీ ఇంజిన్ విప్పితే, హోనింగ్ గీతలు అరిగిపోయి లైనర్ (సిలిండర్ లోపల ఉండే గొట్టం) తళతళలాడుతుంటుంది. అందుకే బోరింగ్ అయ్యాక హోనింగ్ రాళ్లతో ఎక్స్ ఆకారంలో గీతలు పెడతాం. వాటిలో ఆయిల్ నిలుస్తుంది, ఆ పొర మీదే పిస్టన్ చుట్టూ ఉండే రింగు నడుస్తుంది. లైటు వేసి చూసినప్పుడు ఒకవైపు గీతలు పలచగా కనిపిస్తే కుర్రాడి చేత మళ్లీ కొట్టిస్తాను.

ఈ పనినే లేజర్‌తో చేసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పిస్టన్ రింగుల మీద, లైనర్ల మీద 10–20 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు, 5–10 మైక్రాన్ల లోతు గుంటలు వరసగా వేశారు. లేజర్ ఒక్కో మెరుపు ఉండేది సుమారు 100 ఫెమ్టోసెకన్లు (సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోసెకను). అంతలో కాంతి కూడా 30 మైక్రాన్లే పోగలదు! వేడి పక్కకు పాకేలోపే లోహం ఆవిరై లేచిపోతుంది. మామూలు లేజర్ కొడితే లోహం కరిగి గుంట చుట్టూ గట్టు కడుతుంది. రింగు మీద అలాంటి గట్టు ఉంటే లైనర్ పని అయిపోయినట్టే. రింగులకు గుంటలు వేసి టెస్ట్ రిగ్‌లో, అంటే ఇంజిన్‌ను పరీక్షకు నడిపే ఏర్పాటులో, నడిపితే ఇంజిన్ ఆయిల్ వాడకం 16 శాతం తగ్గిందని వాళ్లు ప్రకటించారు.

దీన్ని బజారుకు తెచ్చేవాళ్లకు నాదొక మనవి. లైనర్‌కు వేసిన గుంటలు మా షెడ్డుకొస్తే మిగలవు. రీబోరింగ్‌లో మేము అర మిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లు పెంచుతాం. ఉత్త హోనింగ్‌కే 5 మైక్రాన్ల గుంట మాయమవుతుంది. మళ్లీ వేద్దామంటే ఆ లేజర్ మిషన్ కొనే స్తోమత మా ఆటోనగర్‌లో ఎవరికుంది? రింగులైతే ఇంజిన్ విప్పినప్పుడల్లా ఎలాగూ కొత్తవే వేస్తాం. కాబట్టి గుంటలు రింగులకే వేసి, డబ్బాలో పెట్టి అమ్మితే మాలాంటి షెడ్లకూ అందుతాయి.

అయితే టెస్ట్ రిగ్ వేరు, ఓవర్‌లోడుతో ఘాట్ రోడ్డెక్కే లారీ వేరు. రింగు కూడా అరిగేదే కదా. మీ విలేకరి ఒకసారి బాలాపూర్ వెళ్లి, రింగుకు ఎంత ఖర్చు పెరుగుతుందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగితే గుంటలు చెరిగిపోతాయో అడిగి రాస్తే బాగుంటుంది.

– ఒక రీబోరింగ్ షెడ్డు యజమాని,
ఆటోనగర్, విజయవాడ