శనివారం 40 గొంతుల పాట

అందరికీ నమస్కారం! ఈ శనివారం సాయంత్రం 5 గంటలకు మా ఇంట్లో కలుద్దాం.

ఈసారి టాలిస్ స్కాలర్స్ బృందం పాడిన ‘స్పెమ్ ఇన్ ఏలియమ్’ వింటాం. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో థామస్ టాలిస్ కూర్చిన భక్తి సంగీతం. ఐదుగురేసి ఎనిమిది బృందాలు, ఎవరి వరస వారిదే. ఒక్క గొంతుతో మొదలై, ఒకదాని వెనక ఒకటి చేరి, కాసేపటికి 40 గొంతులూ ఒక్కసారిగా లేస్తాయి. అక్కడ నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది.

టైముంటే ఇంగ్లండ్‌కే చెందిన స్వరకర్త గిబ్బన్స్ 1612లో అచ్చువేయించిన ‘ది సిల్వర్ స్వాన్’ కూడా. ఇది చర్చి పాట కాదు, చనిపోబోయే హంస పాట. చిన్నదే.

వచ్చేవాళ్ళు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, కుర్చీలు సర్దుకోవాలి. పోయినసారి స్పీకర్లు తెచ్చినవారు ఈసారీ తేవాలి, ప్లీజ్.

సరిగ్గా 5.30కి పాట పెట్టేస్తాం. ఫోన్లు సైలెంట్‌లో ఉంచడం మర్చిపోకండి!