కంట్రోల్ రూమ్ సాక్ష్యం

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్‌లకి జవాబు లేదని అలిగావట, మీ అన్నయ్య చెప్పాడు. అలుగు, నీకా హక్కుంది. కానీ ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదు. ముందు మామూలు వార్తలు: నాన్న బీపీ అదుపులో ఉంది, మావాడిని స్కూలు మార్చాం, తెనాలి ఎక్కడుందో అక్కడే ఉంది. అయిపోయాయి.

అమ్మకి పాస్‌పోర్టు వచ్చింది. అసలు సంగతి అది కాదు. పోలీసు ఎంక్వైరీలో అమ్మ తరఫున సాక్షి సంతకం పెట్టిందెవరో తెలుసా? కంట్రోల్ రూమ్!

సాక్షాత్తూ ఆవిడే. మన బంతులన్నీ మింగేసి, ఒక్కటీ తిరిగివ్వని పక్కింటి మామ్మ, మన కంట్రోల్ రూమ్. నువ్వు షార్జా వెళ్ళాక మేం పెరట్లో కొత్త బాత్‌రూమ్ కట్టించాం, గుర్తుందా? ఆ నీళ్ళు తన ప్రహరీ పక్కనున్న కాలవలోకి వస్తున్నాయని మొదలైన గొడవ. అప్పట్నుంచీ అమ్మకీ ఆవిడకీ మాటల్లేవు. ఒకళ్ళు ముగ్గేస్తుంటే రెండో వాళ్ళు లోపలికి వెళ్ళిపోతారు.

మొదట్నుంచీ చెప్తా. ఫిబ్రవరిలో చెల్లి పురుడు, డాలస్‌లో. వాళ్ళత్తగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయ్యింది, ఆవిడ వెళ్ళలేరు. ఇక అమ్మే దిక్కు. అమ్మ తిరుపతి దాటి వెళ్ళిందా ఎప్పుడైనా? సరే, ఒక ఆదివారం ఫారం నింపుదామని ముగ్గురం ఆన్‌లైన్‌లో కూర్చున్నాం. ఆధార్‌లో అమ్మ ఇంటిపేరు పొడి అక్షరమే, పాన్ కార్డులో పూర్తిగా ఉంది. అప్లై చేసేముందే ఆధార్ సరిచేయించా. పాస్‌పోర్టులో ఒకటే పేరున్న వాళ్ళని 2022 నవంబరు నుంచి మీ యూఏఈ విజిట్ వీసా మీద రానివ్వడం లేదని, మీ బాబాయి ప్రయాణం అలాగే ఆగిపోయిందని చెప్పావు కదా, అప్పట్నుంచీ నాకు ఆ గడి చూస్తే దడ. ఇంటిపేరు ఇంటిపేరు గడిలో, పేరు పేరు గడిలో రాసి, నాన్న చేత కూడా చదివించా.

తర్వాత, పైకి కనిపించే గుర్తులేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న. అమ్మ మెడ మీద ఒకటుందంది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వేసి చూసి, అది పుట్టుమచ్చ కాదు పులిపిరి అని తీర్పిచ్చారు. దాని మీద ఒక అరగంట.

అంతా అయ్యాక, మీ మీద క్రిమినల్ కేసులేమైనా నడుస్తున్నాయా అని వచ్చింది. అమ్మ మొహం మాడిపోయింది. "కాలవ గురించి ఆవిడ మున్సిపాలిటీలో అర్జీ పెట్టింది కదరా, అది రాయక్కర్లేదా?" అంది. అది కేసు కాదమ్మా అంటే నమ్మదు. దాచిపెట్టానని అమెరికాలో పట్టుకుంటే ఎలాగ అని టెన్షన్. ఆ రాత్రి నిద్రపోలేదని నాన్న చెప్పారు.

ఫీజు 1500, అరవై దాటిన వాళ్ళకి పది శాతం తగ్గింపు, 1350 కట్టా. అమ్మ చదువు తొమ్మిదితో ఆగింది కదా, మీ పెద్దమ్మ కొడుక్కి కువైట్ వెళ్ళేటప్పుడు పడినట్టు ఈసీఆర్ ముద్ర (ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి అని) పడుతుందేమోనని భయపడ్డా. యాభై దాటితే అది ఉండదట. వయసు వల్ల ఒకేసారి రెండు లాభాలని నాన్న జోకేస్తే అమ్మ మాట్లాడలేదు.

విజయవాడలో స్లాట్ దొరికింది. అక్కడ ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు. ఏలో కాగితాలు స్కాన్ చేసి, ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకున్నారు. బీలో ఒరిజినల్స్ చూశారు, సీలో ఓకే చేశారు. అమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొచ్చింది, ఫొటోలో మెడ వరకే పడుతుందని ముందే చెప్పినా వినలేదు. వేలిముద్ర మాత్రం మిషన్‌కి అందలేదు. కౌంటర్లో అమ్మాయి తడి గుడ్డతో తుడిచి, తన చేత్తో అమ్మ వేలు నొక్కిపెట్టింది. "పొద్దున్నే చింతపండు పిసికానమ్మా, అందుకే" అని అమ్మ సంజాయిషీ. పొద్దున్నే చింతపండెందుకు అంటావా? మాకు పులిహోర కట్టడానికి. పాస్‌పోర్టు ఆఫీసుకి పులిహోర!

ఆగు, అసలు కథ ఇప్పుడు.

కార్తీక సోమవారం. అమ్మ గుళ్ళో దీపాలు పెట్టడానికి వెళ్ళింది. నాన్న పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకెళ్ళారు. నేను డ్యూటీలో ఉన్నా. అప్పుడు ఫోన్: "స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ని, పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి వచ్చా, ఇంటికి తాళం ఉంది." నేను పర్మిషన్ అడిగి బండి మీద పడి వచ్చేసరికి ఏముంది? ఆ కానిస్టేబుల్ కంట్రోల్ రూమ్ వరండాలో కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు! ముందు ఆవిడే గేటు దగ్గర ఆపి, ఐడీ కార్డు చూపించమని, ఏ స్టేషనో, ఎస్సైగారి పేరేమిటో అడిగి, అప్పుడు కూర్చోబెట్టిందట. పాపం, ఎంక్వైరీకి వచ్చినవాడికే ఎంక్వైరీ.

అంతలో అమ్మ వీధి మలుపు తిరిగింది. చేతిలో దీపాల పళ్ళెం. వరండాలో దృశ్యం చూసి అక్కడే ఆగిపోయింది. కానిస్టేబుల్ ఏమీ తెలియని అమాయకుడు. "మీరూ ఇక్కడికే వచ్చెయ్యండమ్మా, మామ్మగారి సంతకం కూడా కావాలి, ఒకేసారి అయిపోతుంది" అన్నాడు.

ఒరేయ్, ఆ గేటు తీసేటప్పుడు అమ్మ మొహం నువ్వు చూసుండాల్సింది. చెప్పులు బయటే వదిలి, మెట్టెక్కకుండా కిందే నిలబడింది. కంట్రోల్ రూమ్ అటు చూడదు, అమ్మ ఇటు చూడదు. మధ్యలో నేను ఆధార్ జిరాక్సులు పట్టుకుని.

"ఈవిడ ఎన్నాళ్ళనుంచి తెలుసు మామ్మగారూ?"

"కాపురానికి వచ్చిన రోజు నుంచీ. రిక్షా దిగేటప్పుడు నేనే హారతి పళ్ళెం పట్టుకున్నా."

ఈ సంగతి నాకు తెలీదు! నీకు తెలుసా? అమ్మ ఎప్పుడైనా చెప్పిందా?

"వేరే ఊళ్ళో ఎక్కడైనా ఉన్నారా?"

"ఎక్కడికి పోతుంది? పుట్టింటికి వెళ్ళినా మూడో రోజుకి వచ్చేస్తుంది, మొక్కలు ఎండిపోతాయని."

"గొడవలు, కేసులు?"

ఇక్కడ ఆవిడ ఆగింది. ఆగి, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, పమిటతో మొహం తుడుచుకుంది. అమ్మ చేతిలో పళ్ళెం వణుకుతోంది, ప్రమిదలు టకటకమంటున్నాయి. నాకేమో కాలవ, మున్సిపాలిటీ, డాలస్, అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి.

"ఈవిడ మీద కేసా? పెడితే నేను పెట్టాలి. నేనే పెట్టలేదు. రాసుకో నాయనా, ఏమీ లేవని."

సంతకం పెట్టేసింది. రెండో సాక్షి కోసం ఇస్త్రీ బండి అతన్ని కూడా ఆవిడే కేకేసింది. అమ్మ ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికొచ్చి, తలుపేసి, ఇంతెత్తున లేచింది నా మీద! "ఎవర్నడిగి ఆవిడ దగ్గర కూర్చున్నాడు? ఇప్పుడు నేనావిడకి పడి ఉండాలా?" అని. మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం మాత్రం సున్నుండలు చుట్టింది, ఎవరికో చెప్పకుండా. డబ్బా నా చేతికిచ్చి, "నేనిచ్చానని చెప్పకు" అంది. మరెవరిచ్చారని చెప్పాలిరా?

డబ్బా మర్నాడు తిరిగొచ్చింది. నిండా నిమ్మకాయలు, వాటితో పాటు ఒక మాట: "అమెరికా విమానం ఎక్కేలోపు కాలవ సంగతి తేల్చమను." అమ్మ నిమ్మకాయలు కోసి ఊరగాయ పెట్టేసింది, కాలవ మాట ఎత్తలేదు. ప్లంబర్‌ని పిలుద్దామంటే, "ముందు వీసా రానీ" అంటోంది.

పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వచ్చింది. నాన్న మొదటి పేజీలో భారత రాష్ట్రపతి పేరిట అని ఉన్న వాక్యం పెద్దగా చదివి వినిపించారు. అమ్మ దానికి పసుపు బొట్టు పెట్టబోతే చేతిలోంచి లాక్కున్నా. ఇక అమెరికా వీసాకి డీఎస్-160 ఫారం, 185 డాలర్ల ఫీజు, హైదరాబాద్ నానక్‌రాంగూడలో వాళ్ళ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. అక్కడ ఏమడిగినా కంట్రోల్ రూమ్‌ని తీసుకెళ్తే...

అమ్మో, మావాడి స్కూలు వదిలే టైమైంది. నీ పాస్‌పోర్టు గడువు ఎప్పటికో చూసుకో, ఆరు నెలల ముందే రెన్యువల్‌కి పెట్టు. మీ ఆవిడకి దోసావకాయ గురించి ఇంకా

సరే, ఫోన్ చెయ్యి.

నీ
రవిగాడు