గుర్రాల స్ట్రాంగిల్స్ టీకా విషయమై కేంద్ర పశుసంవర్ధక శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను పెంచే కుటుంబం మాది. దవడ కింద గడ్డ ఉబ్బి, ముక్కున చీము కారుతూ, గుక్కెడు నీళ్లు మింగలేక మెడ చాచి నిలబడ్డ గుర్రాన్ని చూసినవారికి స్ట్రాంగిల్స్ గురించి వేరే చెప్పనక్కరలేదు. స్ట్రెప్టోకాకస్ ఈక్వై అనే బ్యాక్టీరియా తెచ్చే ఈ జబ్బు నయమైనట్టే కనిపించినా, కొన్నింటి గొంతు సంచుల్లో క్రిమి నెలల తరబడి దాగి, తక్కిన గుర్రాలకు సోకుతూనే ఉంటుంది. ఐరోపాలో 2021లో అనుమతి పొందిన స్ట్రాంగ్‌వ్యాక్ టీకాలో సజీవ క్రిమి లేదు, ప్రొటీన్లే ఉన్నాయి కనుక, టీకా వేసిన గుర్రాన్నీ జబ్బు సోకినదాన్నీ పరీక్షల్లో వేరుగా గుర్తించవచ్చు. (అంతకుముందరి సజీవ టీకాను పై పెదవి లోపల గుచ్చాలి, ఏ గుర్రం ఊరుకుంటుంది?) గుర్రాల ఇన్‌ఫ్లుయెంజాకు టీకా రూపొందించిన హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి, దేశంలోని క్రిమి నమూనాలతో ఇటువంటి టీకా తయారుచేసే పనిని నిధులతో సహా అప్పగించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ గుర్రాల పెంపకందారు ఒకరు