“మేమెవరం” పేజీ: ఆదివారం సమావేశం

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు గ్రంథాలయం పై గదిలో కలుద్దాం. మన ఊరి వార్తల వెబ్‌సైటులో “మేమెవరం” పేజీ పెడుతున్నాం. కుళాయి నీళ్లు రాలేదని రాసేదెవరో, రోజూ మార్కెట్ యార్డు ధరలు పెట్టేదెవరో చదివేవాళ్లకు తెలియాలి. పేరు చెప్పుకోని వార్తను ఎవరు నమ్ముతారు?

శనివారం రాత్రి 9 లోగా నాకు పంపండి: పేరు, వృత్తి, ఏ వీధుల వార్తలు చూస్తున్నారు, ముఖం స్పష్టంగా కనిపించే ఫోటో.

పార్టీ సభ్యత్వం ఉన్నా, పంచాయతీ కాంట్రాక్టులు చేస్తున్నా తప్పకుండా రాయండి. దాస్తే రేపు అందరి మాటకూ విలువ పోతుంది. ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు మాత్రం వద్దు.

ఫిర్యాదులు చూసే వ్యక్తిని కూడా ఆదివారమే ఎన్నుకోవాలి. ఆన్‌లైన్ వార్తలకు వర్తించే కేంద్ర ప్రభుత్వ 2021 ఐటీ నిబంధనల్లో ఆ వ్యక్తి వివరాలు సైటులో ప్రదర్శించాలనీ, ఫిర్యాదుపై 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలనీ ఉంది. ఓపిక ఉన్నవాళ్లు ముందుకు రండి.

మొహమాటపడుతున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలే “నవోదయం” పత్రిక నడిపారు. ఉత్తర భారతంలోని బుందేల్‌ఖండ్‌లో 2002లో గ్రామీణ మహిళలతో మొదలైన “ఖబర్ లహరియా” పత్రిక ఇప్పుడు ఫోన్లలో వీడియో వార్తలు ఇస్తోంది. మీ పేరు పేజీలో ఉండాల్సిందే.

వచ్చేవాళ్లు ఈరోజే “వస్తాను” అని ఇక్కడ రాయండి, కుర్చీలు చెప్పాలి. ఫోటోలు గ్రూపులో కాదు, నాకు విడిగా పంపండి.