అమ్మ పక్కన కూర్చున్నవాళ్ళకి

నాన్న హత్య కేసులో తీర్పు ఇంకా రాలేదు. వచ్చాక రాద్దామనుకున్నాను. కానీ నేను చెప్పాల్సిన కృతజ్ఞతలు తీర్పు కోసం కాదు కాబట్టి ఇవాళే రాస్తున్నా. మంగళవారం అమ్మ సాక్ష్యం పూర్తయింది. కేసు నడుస్తోంది కనుక ఊరి పేరు, ఎవరి పేర్లూ రాయట్లేదు. ఎవరి గురించి రాశానో వాళ్ళకి తెలుస్తుంది.

మూడేళ్ళ క్రితం పొలం గట్టు తగాదాలో నాన్నని అమ్మ కళ్ళముందే కొట్టి చంపారు. ముద్దాయిలు బెయిల్ మీద బయటికొచ్చారు. వాళ్ళ ఇల్లు మా వీధి మొదట్లోనే. అమ్మ పాల కేంద్రానికి వెళ్ళాలన్నా ఆ గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి. "పోయినాయన ఎలాగూ రాడు, ఎంతో కొంత తీసుకుని సాక్ష్యం మార్చి చెప్పండి" అని కబుర్లు వచ్చేవి. మొదటి వాయిదా రోజు కోర్టు వరండాలో ఒకే బెంచీ మీద అటు చివర వాళ్ళు, ఇటు చివర అమ్మ. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక వాయిదా పడిందన్నారు. ఇంటికొచ్చి "ఇక నా వల్ల కాదమ్మా" అని పడుకుంది.

అంగన్‌వాడీ టీచర్ గారూ, మొదటి దండం మీకే. మీరు న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్ అని, అంటే మాలాంటి వాళ్ళకి చట్టపరమైన సాయం అందేలా చూసే కార్యకర్త అని కూడా మాకు అప్పటిదాకా తెలియదు. సాక్షుల రక్షణకి ఒక పథకం ఉందని, దాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతా అమలు చేయమందని మీరే చెప్పారు. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ రాయించారు. డీఎస్పీ గారి మనుషులు వచ్చి, మాకు ఎటువైపు నుంచి భయం ఉందో అడిగి రిపోర్టు రాసుకున్నారు. ఆ తర్వాత రాత్రి పది దాటాక పోలీసు బండి మా వీధిలోకి వచ్చేది. దాని చప్పుడు విన్నాకే అమ్మ కళ్ళు మూసేది. ఆ రక్షణ ఒకసారికి మూడు నెలల వరకే ఇస్తారట. గడువు దగ్గరపడ్డ ప్రతిసారీ మాకంటే ముందు మీరే గుర్తుచేశారు.

మా తరఫున వాదించిన పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్, ప్రభుత్వ లాయరు) మేడమ్, మీరు అమ్మకి ఏం చెప్పాలో నేర్పలేదు. ముందురోజు సాయంత్రం ఖాళీ కోర్టు హాల్లోకి తీసుకెళ్ళి, జడ్జి గారు ఎక్కడ కూర్చుంటారో, బోను ఎక్కడో, అవతలి లాయరు ఎటు నిలబడి అడుగుతారో చూపించారు. "గుర్తున్నది చెప్పండి, గుర్తులేనిది గుర్తులేదనండి, ఏడుపొస్తే ఆగండి" అన్నారు. అంతే. ఆ రాత్రి అమ్మ చాలారోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, నాన్న గురించి అడగకూడని మాట అడిగితే మీరు లేచి అభ్యంతరం చెప్పారు. ఆ ప్రశ్న కంటే మీరు లేచిన తీరే అమ్మకి గుర్తుంది.

కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ గారూ, రెండో వాయిదా నుంచి మీరు అమ్మని వరండాలో కూర్చోనివ్వలేదు. లోపల గదిలో కుర్చీ వేసి, పేరు పిలిచినప్పుడే తీసుకెళ్ళారు. టీ కూడా మీ డబ్బులతోనే తెప్పించారు, మేం ఇస్తే తీసుకోలేదు.

ఇక ఆటో అన్నయ్య. మీరు మా బంధువు కాదు, మా వర్గం కాదు. ఆ రోజు అటుగా వెళ్తూ చూశారు, చూసింది చెప్పారు. స్కూలు పిల్లల కిరాయి పోయింది, మీ ఇంట్లో గొడవైంది, నాకు తెలుసు. మీరు అడ్డం తిరిగి ఉంటే అమ్మ మాట ఒంటరిదైపోయేది. మీ రుణం ఎలా తీర్చాలో నాకు నిజంగా తెలియదు.

మరొక్క విషయం, మాలాంటి వాళ్ళ కోసం. నష్టపరిహారం కోసం కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతర సాయం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ముందే అర్జీ పెట్టుకోవచ్చు. మాకు వచ్చినదాంతో చెల్లి ఫీజు కట్టాం. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. ఫోన్ నంబరు 15100.

నిన్న అమ్మ పాలు పోయడానికి ఒక్కతే వెళ్ళొచ్చింది. నేను గుమ్మంలోనే నిలబడి చూస్తూ ఉన్నాను. ఆ ఇంటి ముందు ఆగలేదు, తల వంచలేదు.